భీమశంకరం తలలో తాళంచెవి

ఏలూరు పవరుపేటలో ఆ తివాచీల కొట్టుకి బేరాలు రావు. పొరపాటున ఎవరైనా వచ్చినా గుమస్తా మాటల్లో పెట్టి సాగనంపేస్తాడు. అయినా కొట్టు ఆదివారాలు కూడా తెరిచే ఉంటుంది. వీధిలో వాళ్ళు యజమానికి కాస్త తిక్క అనుకుని ఊరుకున్నారు. కొట్టు వెనకగదిలో ఒక ప్రభుత్వశాఖ నడుస్తోందనీ, దాని పేరు ప్రభుత్వ కాగితాల్లో ఎక్కడా ఉండదనీ వాళ్ళకి తెలియదు.

"ఎర్ర తివాచీ మీద నెమలి ఉంటే చూపించండి," అన్నాడు వెస్లీ.

"నెమలి లేదండీ. కొల్లేటి బాతు ఉంది," అన్నాడు గుమస్తా ఆవులిస్తూ.

"బాతైతే లోపలికొచ్చి చూస్తాను."

ఈ గుమస్తా వెస్లీ పెళ్ళికి వచ్చి, బిర్యానీ మళ్ళీ మళ్ళీ వేయించుకుని తిన్నవాడే. అయినా కోడ్‌వర్డ్ చెప్పందే కన్నతండ్రినైనా లోపలికి పోనివ్వడు. రూలంటే రూలే.

వెనకగదిలో చీఫ్ జగ్గారావు బజ్జీలు తింటున్నాడు. మర్యాద పుట్టుకతో వచ్చిన మనిషి. ఒకరిని చంపమని చెప్పాల్సివచ్చినా ముందు మంచినీళ్ళిచ్చి, ఇంట్లో అందరూ కులాసాయేనా అని అడిగి, తర్వాత చెబుతాడు. ఇవాళ గ్లాసు తనే తెచ్చి చేతికిచ్చాడు. దాంతో వెస్లీకి ఇది మంచి పని కాదని అర్థమైపోయింది.

"మన భీమశంకరం గారు కనపడ్డం లేదయ్యా," అన్నాడు జగ్గారావు.

వెస్లీ గ్లాసు కింద పెట్టేశాడు.

భీమశంకరం గారంటే నేవీ కోడ్‌లు తయారుచేసిన మనిషి. రిటైరై తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్ వెనక ఇల్లు కట్టుకున్నాడు. జన్మలో ఉల్లి ముట్టని ఆ బ్రాహ్మణుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ వాసన పీలుస్తూ, మార్కెట్ వాళ్ళని తిడుతూ, వాళ్ళ పిల్లలకి లెక్కలు చెబుతూ కాలక్షేపం చేస్తున్నాడు. వెస్లీకి ఈ గూఢచారి విద్య నేర్పింది ఆయనే. అనాథ హాస్టల్లో పెరిగిన వెస్లీకి జ్వరమొస్తే పక్కన కూర్చున్నదీ, పెళ్ళిలో తండ్రి స్థానంలో నిలబడి చర్చిలో ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో తెలియక తికమక పడిందీ కూడా ఆయనే. ఈ లోకంలో వెస్లీని 'ఒరే' అని పిలిచే హక్కు మరొకరికి లేదు.

"మన సబ్‌మెరైన్ల కోడ్‌కి ఒక మాస్టర్ కీ ఉంది," జగ్గారావు నెమ్మదిగా చెప్పాడు. "పొడుగాటి అంకెల వరస. కాగితం మీద ఎక్కడా లేదు. అది బుర్రలో పెట్టుకున్న వాళ్ళలో మిగిలింది ఈయనొక్కడే. ఆ కీ బయటికి పోతే సముద్రం అడుగున మన కుర్రాళ్ళు ఎక్కడున్నారో శత్రువు కుర్చీలో కూర్చుని చూస్తాడు."

"కీ మార్చెయ్యొచ్చు కదండీ?"

"ప్రతి సబ్‌మెరైనూ రేవుకి రావాలట. నెల పడుతుందని ఢిల్లీ వాళ్ళ మాట. ఈలోగా వీళ్ళు ఆగరు." జగ్గారావు ఒక ఫోటో ముందుకి తోశాడు. తెల్లజుట్టు, నీలికళ్ళు, పలకరింపుగా నవ్వుతున్న దొర. "డాక్టర్ ఫెల్‌నర్. హెల్డ్రిక్ ఫౌండేషన్ అని బోర్డు పెట్టుకుని కొల్లేటి లంకల్లో ముసలివాళ్ళకి హెల్త్ క్యాంపులు పెడుతున్నాడు. అసలు వ్యాపారం మందెక్కించి మనుషుల బుర్రల్లోంచి రహస్యాలు తీసి అమ్మడం. వట్లూరు కాలేజీలో ప్రభావతి అని ఒక ప్రొఫెసర్ చేసిన కంప్యూటర్ ప్రోగ్రాం వాడుతున్నాడు. ముందు ఆవిణ్ణి కలుసుకో. ఫౌండేషన్లో రూబీ అని ఒకమ్మాయి ఉంది, మన ఏజెంటే. నిన్ను కాంపౌండర్ అబ్బులుగా లోపలికి తీసుకెళ్తుంది. వాళ్ళు కూడా ఆమెని తమ ఏజెంటే అనుకుంటున్నారు."

"మీరేమనుకుంటున్నారండీ?"

"చాలా అందంగా ఉంటుందనుకుంటున్నాను."

జగ్గారావు సొరుగులోంచి ఒక పెన్ను తీసి బల్ల మీద పెట్టాడు. "ఒకసారి నొక్కితే రాస్తుంది. రెండుసార్లు నొక్కితే సూది వదుల్తుంది. నొప్పి తెలియదట." ఒక బజ్జీ నోట్లో పెట్టుకుని నమిలి మింగాడు. "ఆయన్ని తీసుకురా వెస్లీ. తేలేకపోతే ఆయన నోట ఆ కీ రాకూడదు. నేను చెప్పేది నీకు అర్థమవుతోంది కదా?"

"అర్థమైందండీ."

"బజ్జీ తిని వెళ్ళు. చల్లారిపోతుంది."

వెస్లీ తినలేదు. పెన్ను జేబులో పెట్టుకుని లేచాడు.

*

వట్లూరులో ప్రొఫెసర్ ప్రభావతి ల్యాబ్‌లోకి చెప్పులతో పోకూడదు. లోపల ఏసీ గడ్డకట్టిస్తోంది. వెస్లీ గ్రాంట్ల కమిటీ నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ వేషంలో ఉన్నాడు. కళ్ళద్దాలు, నున్నగా దువ్విన తల, చంకలో ఫైలు. ఆవిడ వెంటనే నమ్మేసింది. ఫైలు పట్టుకున్న మనిషిని మన కాలేజీల్లో ఎవరూ అనుమానించరు.

"నా పని ఎవరికీ అర్థం కాదండీ," అందావిడ, ఇన్నాళ్ళకి వినేవాడు దొరికాడన్న సంబరంతో. "కంప్యూటర్ వాళ్ళు నన్ను సైకాలజీ మనిషంటారు. సైకాలజీ వాళ్ళు డాక్టరనుకుంటారు. డాక్టర్లు అసలు పట్టించుకోరు. ఇంటర్‌డిసిప్లినరీ అంటే ఏ గడపలోనూ కుర్చీ వెయ్యరన్నమాట."

ప్రోగ్రాం పేరు 'జ్ఞప్తి'. పెద్దవాళ్ళకి ఫోన్ చేసి తెలుగులో కబుర్లు చెబుతుంది. ఏం తిన్నారు, ఎవరొచ్చారు అని అడుగుతుంది. వాళ్ళు మాట కోసం ఎక్కడ తడుముకుంటున్నారో, ఎక్కడ ఆగుతున్నారో న్యూరల్ నెట్‌వర్క్ పట్టుకుంటుంది. మనిషి మతిమరుపులోకి జారుతున్నాడని ఇంట్లోవాళ్ళ కంటే ముందు చెబుతుంది.

"మా అమ్మ చివర్లో నన్ను పక్కింటావిడ అనుకునేదండీ. మంచినీళ్ళిస్తే 'మీ పిల్లలు బాగున్నారా అమ్మా' అని అడిగేది. అప్పుడు మొదలుపెట్టాను." ఆవిడ కళ్ళు తుడుచుకుని స్క్రీన్ వైపు చూపించింది. "పచ్చ ఉంటే బుర్ర పూర్తిగా మెలకువగా ఉన్నట్టు. ఎరుపైతే ఇంక ఏమీ లేనట్టు. మధ్యలో పసుపు. అదే ముఖ్యం. అప్పటికి జ్ఞాపకాలు ఉంటాయి, జాగ్రత్త పోతుంది. ఏది చెప్పాలో ఏది చెప్పకూడదో తెలియదు. ఇంట్లో దీపం వెలుగుతూనే ఉంటుంది, వీధి తలుపు మాత్రం తీసి ఉంటుంది."

"ఆ పసుపు మందుతో తెప్పించొచ్చాండీ?"

ప్రభావతి మొహంలో నెత్తురు లేదు. "మీరు గ్రాంట్ల వాళ్ళు కాదు," అంది.

"కాదండీ. మీ ఫెల్‌నర్ దొర మీ ప్రోగ్రాం ఎదురుగా పెట్టుకుని, ఒక పెద్దాయన నరంలోకి మందెక్కించబోతున్నాడు. పచ్చ పోయి పసుపు రాగానే కావలసింది అడుగుతాడు. మీకు తెలుసు కదా?"

"తెలీదండీ. మా పిల్లల మీద ఒట్టు." తల దించుకుంది. "అనుమానం వచ్చింది. కొన్ని ఊళ్ళలో ముసలివాళ్ళు ఏడాదికి జారాల్సినంత వారానికే జారిపోయారు. ఇంత మంచి డేటా ఎక్కడా దొరకదని... అడగలేదు."

వెస్లీకి ఒళ్ళు మండింది. లాగి ఒకటి కొడదామనుకున్నాడు. అవసరం గుర్తొచ్చి గొంతు తగ్గించాడు. "మీ జ్ఞప్తి ఎప్పుడైనా తప్పు చెప్పిందా?"

ఆవిడ లేచి ఒక రికార్డింగ్ పెట్టింది. జ్ఞప్తి ముద్దుగా అడుగుతోంది: 'మామ్మగారూ, పొద్దున్న ఏం తిన్నారండీ?' జవాబుగా ఒక ముసలి గొంతు, గణపవరం దగ్గర చర్చి మామ్మది, 'పరలోకమందున్న మా తండ్రీ' అని ఎత్తుకుని గడగడా ప్రార్థన చేసుకుపోయింది. ఇంకో రికార్డింగ్‌లో ఒక రైతు తాతగారు. ఏమడిగినా ప్రభవ, విభవ, శుక్ల అంటూ తెలుగు సంవత్సరాల పేర్లు అప్పజెబుతున్నాడు.

"మనవాళ్ళ సంగతి మీకు తెలుసుగా. చేతికి మైకిస్తే మామూలుగా మాట్లాడరు. కళ్ళు మూసుకుని కంఠతా వచ్చింది మొదలుపెడతారు. చిన్నప్పుడు బట్టీ పట్టింది బుర్ర పోయినా పోదు. ఈ తాతగారికి అప్పటికే భార్య ఎవరో తెలియదు. కానీ ఎక్కడా తడుముకోలేదు కదా, జ్ఞప్తి పచ్చ చూపించింది. పూర్తి మార్కులు వేసింది."

"ఇది ఫెల్‌నర్‌కి తెలుసా?"

"అలాంటి రికార్డింగులన్నీ తీసేసి మిగిలినవే ఆయనకిచ్చాను. రిజల్ట్ బాగా కనపడాలని." ఆవిడ రికార్డింగ్ ఆపేసింది. "ఆయన దృష్టిలో నా ప్రోగ్రాం ఎప్పుడూ తప్పు చెప్పలేదండీ."

వెస్లీ గుమ్మం దాకా వెళ్ళి చెప్పులు వేసుకుంటుంటే ఆవిడ వెనక నుంచి పిలిచింది. "ఏవండీ, మీరు అక్కడ గొడవ పడితే నా డేటా ఉన్న ఆయన లాప్‌టాప్ హార్డ్‌డిస్క్ మాత్రం కాస్త చూసుకోండి. దానికి కాపీ లేదు." వెస్లీ వెనక్కి తిరిగి చూడలేదు.

*

రూబీ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఫౌండేషన్ జీపు తనే నడుపుకుంటూ వచ్చింది. నెమలికంఠం రంగు చీర, జారుముడి, పెదాల మీద ఎప్పుడూ సగం నవ్వు. ఆమెని చూస్తే ఫత్తేబాద లారీడ్రైవర్లు కూడా పక్కకి తప్పుకుని దారిచ్చారు.

"అబ్బులుగారూ, మీసం బాగానే అతికింది," అంది. "గోకకండి, ఊడుతుంది."

కాంపౌండర్ అబ్బులు వేషంలో ఉన్న వెస్లీ చెయ్యి దించేసుకున్నాడు. రోడ్డు అయిపోయిన చోట జీపు వదిలి మోటారుపడవ ఎక్కారు. కిందటేడు సర్కారు చేపలచెరువుల గట్లు పేల్చేశాక కొల్లేరు మళ్ళీ నీళ్ళతో పరుచుకుంది. మీద గుర్రపుడెక్క. దూరంగా గూడబాతులు. సెల్‌ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే పోయాయి.

దారిలో ఒక లంక దగ్గర రూబీ పడవ ఆపించింది. మందులపెట్టె దింపాలట. ఒడ్డున చాప మీద ఒక ముసలివాడు కూర్చున్నాడు. పేరు తాతాజీ. దోనె మీద జనాన్ని అవతలికి దాటించేవాడట. కొల్లేటిలో ఎక్కడ ఎంత లోతుందో అతన్నడిగితే చాలని చెప్పుకునేవారు. భార్య అతని నోట్లో గంజి పోస్తోంది. గంజి గడ్డం మీంచి కారిపోతోంది. మింగాలని కూడా అతనికి తెలియడం లేదు.

"హెల్త్ క్యాంపుకెళ్ళొచ్చాక ఇలా అయిపోయాడండీ," అందామె వెస్లీతో. అతను నిజంగానే కాంపౌండర్ అనుకుంది. "మీ డాక్టరుగారు మంచోరండీ, మళ్ళీ సూదేస్తానన్నారు. తగ్గుద్దంటారా బాబూ?"

వెస్లీ కంటే ముందే రూబీ నవ్వుతూ "తగ్గుతుందమ్మా, తప్పకుండా తగ్గుతుంది," అని చెప్పి పడవ ఎక్కింది. అందంగా ఉన్నవాళ్ళకి అబద్ధం కూడా నప్పుతుంది. భీమశంకరం గారి నోట్లో గంజి పోస్తున్నట్టు వెస్లీ కళ్ళ ముందు కనపడింది. అలా జరిగే ముందు పెన్ను రెండుసార్లు నొక్కేస్తానని తనకి తనే మాటిచ్చుకున్నాడు.

కానీ ఆ అవకాశం అతనికి దొరకలేదు. చెరువుల షావుకారెవరో కట్టుకుని వదిలేసిన గెస్ట్‌హౌస్ మెట్లెక్కుతుంటే నడుముకి చల్లగా ఏదో తగిలింది.

"పెన్నివ్వండి," అంది రూబీ, పిస్తోలు కదలకుండా. "జగ్గారావుగారు అందరికీ ఇదే ఇస్తారు. నాకూ ఇచ్చారు."

పెన్ను తీసుకుని కొల్లేట్లోకి విసిరేసింది. మీసం కూడా పీకి దాని వెంట పారేసింది.

*

హాల్లో మంచం మీద భీమశంకరం గారు పడుకుని ఉన్నారు. చేతికి సెలైన్ సూది, చొక్కా కాలర్‌కి చిన్న మైకు. పక్కన బల్ల మీద లాప్‌టాప్, శాటిలైట్ ఫోన్, ట్రేలో వరసగా మందు నింపిన సిరంజిలు. కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ ఆయన మొహం మీద పడుతోంది. కాపలావాళ్ళు వెస్లీని కుర్చీకి కట్టేసి బయటికి పోతుంటే ఆయన తల తిప్పి చూశారు.

"ఒరే, నిన్ను పంపించాడా జగ్గారావు? వేరే పనిలేదూ వాడికి?"

"మాస్టారూ..." అన్నాడు వెస్లీ.

డాక్టర్ ఫెల్‌నర్ చాలా సౌమ్యుడు. సిరంజి గుచ్చేముందు రోగికి క్షమాపణ చెబుతాడు. శాటిలైట్ ఫోన్లో కొనుక్కునేవాళ్ళు అప్పటికే లైన్లో ఉన్నారు. ఏ దేశమని మాత్రం అడక్కండి, వాళ్ళు మనతో క్రికెట్ ఆడతారు. లాప్‌టాప్‌లో పచ్చ వెలుగుతోంది.

"ఈయన మూడురోజులుగా నోరు విప్పలేదు," అన్నాడు ఫెల్‌నర్ ఇంగ్లీషులో. "మాట్లాడకపోతే యంత్రం ఏం కొలుస్తుంది?"

"ఇతను ఈయనకి కొడుకుతో సమానం," అంది రూబీ. "ఇతనితోనే మాట్లాడించండి. ఏదైనా సరే మాట్లాడనివ్వండి. పసుపు రాగానే నేను కీ అడుగుతాను."

ఫెల్‌నర్‌కి సలహా నచ్చింది. సెలైన్ గొట్టంలోకి మొదటి సిరంజి ఎక్కించి, వెస్లీ కణతకి పిస్తోలు ఆనించాడు. "మాట్లాడు. ప్రేమగా."

వెస్లీ మాస్టారి మొహంలోకి చూశాడు. చేతిలో పెన్ను లేదు. కట్లు కదలడం లేదు. ఈ గదిలో అతని దగ్గర మిగిలిన ఆయుధం ఒకటే. అది వాడితే దేశం బతుకుతుంది, కానీ మందు పసుపు దగ్గర ఆగదు. ఈ మనిషి ఇంక ఈ మనిషి కాడు. వాడకపోతే కీ పోతుంది, ఆ తర్వాత ఎలాగూ ఇద్దర్నీ చంపుతారు. ఈ లెక్క వేసుకోవడానికి అతనికి ఒక్క ఊపిరి పట్టింది. ఆ ఒక్క ఊపిరికి తనని తను జీవితాంతం అసహ్యించుకున్నాడు.

"మాస్టారూ," అన్నాడు. "నాకు తెలుగు సంవత్సరాల పేర్లు ఇప్పటికీ రావడం లేదండీ. పరాభవ దాకా వచ్చి ఆగిపోతాను. మీరొకసారి మొదటినుంచి చెప్పండి."

భీమశంకరం గారు లాప్‌టాప్ వైపు చూశారు. సెలైన్ గొట్టం వైపు చూశారు. జీవితమంతా ఇతరుల మాటల వెనక ఏముందో వెతికిన మనిషి. శిష్యుడి మొహం చదవడానికి ఎంతసేపు?

"ఎన్నిసార్లు చెప్పినా నీ బుర్రకెక్కదురా," అన్నారు మెల్లగా. "ఆఖరిదాకా చెప్పమంటావా?"

"చెప్పండి మాస్టారూ. ఆపకండి." వెస్లీ కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. "అక్షయ అయిపోయాక మళ్ళీ ప్రభవ నుంచి చెప్పండి."

"ఏడవకు, ఛీ. ప్రభవ, విభవ, శుక్ల, ప్రమోదూత, ప్రజోత్పత్తి..."

ఎక్కడా తొణకలేదు. ఐదేళ్ళప్పుడు తల్లి తలంటిపోస్తూ నేర్పిన వరస. రూబీ గోడకి చేరగిలబడి నవ్వుకుంటూ వింది. ముసలాడికి చాదస్తం, కాసేపట్లో పసుపొస్తుంది అనుకుంది. ఫెల్‌నర్ రెండో సిరంజి ఎక్కించాడు. పచ్చ. మూడోది. ఆయన కళ్ళు మూతలు పడుతున్నాయి, వేళ్ళు వదులైపోయాయి, మాట మాత్రం చిలకపలుకులా దొర్లిపోతోంది. "...క్రోధన, అక్షయ, ప్రభవ, విభవ..." స్క్రీన్ మీద నిగనిగలాడే పచ్చ.

"అద్భుతమైన మెదడు," అన్నాడు ఫెల్‌నర్ ముచ్చటపడుతూ. "ఇంత మందుకీ లొంగడం లేదు."

అప్పుడు రూబీకి అనుమానం తగిలింది. మంచం దగ్గరికొచ్చి ఆయన కనురెప్ప ఎత్తి చూసింది. నవ్వు ఆగిపోయింది. "ఆపండి డాక్టర్. ఈయన ఎప్పుడో పసుపు దాటేశాడు. ఇది మాట్లాడ్డం కాదు, బట్టీ పట్టింది అప్పజెప్పడం. మీ యంత్రానికి ఆ తేడా తెలియదు!"

ఫెల్‌నర్ స్క్రీన్ చూశాడు, ఆమెని చూశాడు. "కొన్ని వందలమంది మీద ఇది ఒక్కసారి తప్పు చెప్పలేదు. నువ్వు మాత్రం రెండు దేశాలకి పనిచేశావు. మందు ఆపితే ఎవరికి లాభం, రూబీ?"

"నిజం చెబుతున్నాను! కీ తుడుచుకుపోతోంది!" ఆమె సెలైన్ గొట్టం లాగబోయింది.

ఫెల్‌నర్ క్షమాపణ చెప్పి కాల్చాడు. రూబీ నెమలికంఠం చీర మడతల మధ్య కూలిపోయింది. పాపం, లోకంలో అందరికీ అబద్ధాలు చెప్పి సుఖంగా బతికిన మనిషి. ఒక్కసారి నిజం చెప్పి చచ్చింది.

ఆమె పోయాక దొరకి ఒక చిక్కొచ్చిపడింది. అక్కడ తెలుగూ ఇంగ్లీషూ రెండూ వచ్చినవాడు ఇంక వెస్లీ ఒక్కడే. పసుపు రాగానే అడగాల్సిందీ, ఆయన చెప్పే అంకెలు ఇంగ్లీషులో ఫోన్లో చెప్పాల్సిందీ వాడే. పిస్తోలు ఎడమచేతికి మార్చుకుని వెస్లీ కుడిచేతి కట్టు విప్పాడు. కుర్చీని మంచం పక్కకి, ట్రే పక్కకి జరిపాడు. శాటిలైట్ ఫోన్ చేతికిచ్చాడు. ఇంకో సిరంజి ఎక్కించాడు.

"...క్రోధి, విశ్వావసు, పరాభవ..."

మాట ఆగింది. భీమశంకరం గారు కళ్ళు తెరిచి వెస్లీ వైపు చూశారు. అందులో కోపం లేదు, ప్రేమా లేదు. తర్వాత ఏముందో ఎవరైనా చెబుతారేమోనని చూసే చూపు.

"ప్లవంగ, మాస్టారూ," అన్నాడు వెస్లీ.

ఆయన పెదాలు కదల్లేదు. స్క్రీన్ మీద పచ్చ ఆరిపోయి, ఒక్కసారిగా ఎరుపు వెలిగింది.

"పసుపేదీ?" ఫెల్‌నర్ కేక పెట్టాడు. "పసుపెక్కడ?" రెండుచేతులతో లాప్‌టాప్ పట్టుకుని వంగాడు. ఆ క్షణం చాలు. వెస్లీ ఫోన్ వదిలేసి ట్రేలో మిగిలిన సిరంజి అందుకుని దొర మెడలో దిగేసి, మందు చివరి బొట్టు దాకా నొక్కాడు.

ఫెల్‌నర్ కాసేపు గింజుకున్నాడు. తర్వాత బుద్ధిమంతుడైన పిల్లాడిలా నేల మీద చతికిలబడ్డాడు. నీలికళ్ళు వెస్లీనే చూస్తున్నాయి. జాగ్రత్త పోయింది, జ్ఞాపకం ఇంకా ఉంది.

"నా కట్లు విప్పు," అన్నాడు వెస్లీ ఇంగ్లీషులో. విప్పాడు. "మీ ముఠాలో ఎవరెవరున్నారో చెప్పు." పేర్లు, ఊళ్ళు, బ్యాంకులు, అన్నీ వినయంగా చెప్పాడు. "బయట కాపలావాళ్ళని పొమ్మను." కిటికీలోంచి తొంగిచూసి పొమ్మన్నాడు. మోటారుపడవ చప్పుడు దూరమైపోయింది.

ఇంక ఒకే ప్రశ్న మిగిలింది. దాన్ని నోట్లోంచి తీయడానికి వెస్లీకి పిస్తోలు పట్టుకున్నంత బలం కావలసివచ్చింది. "ఈయన్ని వెనక్కి తెచ్చే మందు ఉందా?"

"లేదు."

"ఏదైనా దారి?"

"ఏ దారీ లేదు. క్షమించండి," అన్నాడు ఫెల్‌నర్. ఆ మందెక్కాక అబద్ధమాడే శక్తి ఎవరికీ ఉండదు. మరి కాసేపటికి అతనికి తన పేరు కూడా పోయింది.

కిందపడ్డ ఫోన్లోంచి ఎవరో ఇంగ్లీషులో గద్దిస్తున్నారు. కీ ఎక్కడ, కీ ఎక్కడ అని. వెస్లీ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని "రాంగ్ నంబరండీ," అన్నాడు. లాప్‌టాప్‌తో సహా దాన్ని కొల్లేట్లోకి విసిరేశాడు. కాపీ లేని హార్డ్‌డిస్క్ గుర్రపుడెక్క కిందికి పోయింది.

తర్వాత మాస్టారిని భుజం మీద వేసుకుని, మెట్ల దగ్గర కట్టేసి ఉన్న తాటిదోనెలో పడుకోబెట్టి, గడకర్ర చేతపట్టుకున్నాడు. సాయంత్రపుటెండలో ఏలూరు వైపు దోనె సాగుతుంటే, దారంతా ఆ సంవత్సరాల పేర్లు పైకి చెబుతూనే ఉన్నాడు. పరాభవ దగ్గర ఆగలేదు. పడవలో పడుకున్నాయన ఆకాశంలోకి చూస్తూ ఉన్నారు.

*

ఆసుపత్రి వరండాలో జగ్గారావు వెస్లీకి స్వయంగా కాఫీ తెచ్చిచ్చాడు. లోపల నర్సు భీమశంకరం గారి నోట్లో చెంచాతో జావ పోసి, మింగమని గొంతు నిమురుతోంది.

"ముఠా మొత్తం దొరికిందయ్యా. ఢిల్లీ వాళ్ళు నిన్ను తెగ మెచ్చుకున్నారు."

"కీ సంగతేంటండీ? ఇప్పుడది ఎవరి బుర్రలోనూ లేదు. సబ్‌మెరైన్లు ఎలా మాట్లాడుకుంటాయి?"

జగ్గారావు కాఫీ రెండు గుక్కలు తాగాడు. మర్యాదస్తుడు కదా, చేదు మాట వెంటనే చెప్పడానికి మొహమాటపడ్డాడు.

"దానికేం ఇబ్బంది లేదట. కొత్త పద్ధతేదో వచ్చిందట, రేవుకి రానక్కర్లేదట. ఈయన మాయమైన సాయంత్రమే కీ మార్చేశారట."

వెస్లీ కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. లోపల నర్సు మింగండి తాతగారూ, మింగండి అని బతిమాలుతోంది.

"మరి మనకి చెప్పలేదేమండీ?"

"నేనూ అదే అడిగాను," అన్నాడు జగ్గారావు. "మరిచిపోయారట."